ఆకలి లేదన్నది నువ్వే కదమ్మా

ప్రశ్న: నేను పార్వతీపురంలో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్‌లో మేం నలుగురం ఒకే బెంచీ. మిగతా ముగ్గురూ విశాఖలో ఇంజినీరింగ్‌లో చేరారు. నాకు ఎంసెట్‌లో మంచి ర్యాంకు రాలేదు. నాన్న లేరు, అమ్మ ఇంట్లోనే మిషను కుడుతుంది. ఏడాదిన్నరగా ‘రావే, రావే’ అని వాళ్లు పిలుస్తుంటే మొన్న రెండో శనివారం, ఆదివారం కలిసొచ్చాయని మొదటిసారి ఒక్కదాన్నే బస్సెక్కి వెళ్లాను. అమ్మ వెయ్యి రూపాయలిచ్చింది. శనివారం మాల్‌లో సినిమా, తర్వాత సిరిపురంలో ఒక కెఫే. అక్కడి రేట్లు చూసి, ఆకలి లేదని చెప్పి మంచినీళ్లు తాగి కూర్చున్నాను. ఆదివారం రుషికొండలో బోటు, తర్వాత బిర్యానీ. డబ్బులు వాళ్లే కట్టి ‘తర్వాత చూసుకుందాంలే’ అన్నారు. మాటలన్నీ కోడింగు, ఇంటర్న్‌షిప్పులు, సీనియర్లు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. రాత్రి హాస్టల్ మేడ మీద ఒకమ్మాయి మాత్రం రెండింటి దాకా నాతో కూర్చుంది. తనకు రెండు సబ్జెక్టులు తప్పి బ్యాక్‌లాగ్ ఉన్నాయని, ఇంట్లో ఇంకా చెప్పలేదని ఏడ్చింది. సోమవారం పొద్దున్నే గ్రూపులో లెక్క పెట్టారు. నా వాటా 1,940. కెఫే బిల్లు కూడా నాలుగు భాగాలే చేశారు. పరీక్ష ఫీజు అని అమ్మకు అబద్ధం చెప్పి 1,500 తీసుకుని, నా దగ్గర మిగిలిన 440 కలిపి ఫోన్‌పే చేశాను. అదే రోజు ఇన్‌స్టాలో వాళ్లు ముగ్గురూ ఉన్న రుషికొండ ఫొటో పెట్టారు. ఆ ఫొటో తీసింది నేనే. సంక్రాంతి తర్వాత మళ్లీ రమ్మంటున్నారు. వెళ్లాలని లేదు. వెళ్లకపోతే పూర్తిగా వదిలేస్తారేమోనని భయం. నా చదువు, నా ఊరు అన్నీ చిన్నగా కనిపిస్తున్నాయి. ఏం చెయ్యమంటారు?

జవాబు: నిన్ను ‘నువ్వు’ అంటున్నాను, ఏమీ అనుకోకమ్మా. మా చిన్నమ్మాయి కంటే చిన్నదానివి.

స్నేహితుల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ 1,500. ఉత్తరంలో దాని గురించి ఒక్క వాక్యం రాసి దాటేశావు గానీ, దానికి ఒక గడువుంది. సెమిస్టర్ పరీక్ష ఫీజు నోటీసు ఏదో ఒక రోజు నిజంగానే కాలేజీ బోర్డు మీద పడుతుంది. ఆ రోజు అమ్మను ఏమని అడుగుతావు? ‘మొన్న కట్టింది వేరే ఫీజు’ అనాలి. అమ్మ మీ వీధిలో మీ కాలేజీకే వెళ్లే ఇంకో పిల్లను ‘ఏ ఫీజమ్మా అది?’ అని అడిగితే మూడో అబద్ధం వెతుక్కోవాలి. అందుకని ఆ నోటీసు కంటే ముందే నువ్వు చెప్పెయ్యి.

జాకెట్లు ఇమ్మని ఎవరో గుమ్మంలో నిలబడి ఉన్నప్పుడు కాదు. రాత్రి అన్నాలయ్యాక, గిన్నెలు కడిగేశాక చెప్పు. ‘నువ్వు కోప్పడనంటేనే చెప్తా’ అని బేరం పెట్టకు. ‘అమ్మా, ఫీజు అని పదిహేను వందలు తీసుకున్నాను కదా, అది ఫీజుకు కాదు. విశాఖలో నా వాటా ఖర్చు ఇవ్వాల్సొచ్చింది. నిజం చెప్తే బాధపడతావని అబద్ధం చెప్పాను.’ అంతవరకే. ‘వాళ్లే తిప్పారు, వాళ్లే ఖర్చు పెట్టించారు’ అని కలపొద్దు. కలిపావంటే సంభాషణ వాళ్ల మీదికి పోతుంది, అబద్ధం నీ ఒళ్లోనే ఉండిపోతుంది.

తిడుతుంది. ‘ఇందుకేనా నిన్ను ఒక్కదాన్నే పంపింది’ అంటుంది. ఇక ఎక్కడికీ పంపనని కూడా అనొచ్చు. ఆ మాట ఆ రాత్రికి సంబంధించిందే, దానికి అప్పటికప్పుడు జవాబు చెప్పకు. పండగ ముందు కుట్టుపని ఇంట్లో ఎలా ఉంటుందో నాకంటే నీకే బాగా తెలుసు. హుక్కులు కుట్టేందుకు, కాజాలు తీసేందుకు, చీరలకు ఫాల్స్ వేసేందుకు రెండు చేతులు చాలవు. కాలేజీ నుంచి రాగానే రోజుకు రెండు చీరలు నువ్వు అందుకో. బాకీ తీరుస్తున్నానని ప్రకటించక్కర్లేదు. ఆ లెక్క అమ్మే వేసుకుంటుంది.

ఇక నీ స్నేహితులు. నీకు వాళ్ల మీద కోపం ఉంది, అది రాయలేదు. ‘కెఫే బిల్లు కూడా నాలుగు భాగాలే చేశారు’ అన్న చోట మాత్రం బయటపడింది. మంచినీళ్లు తాగినదానికి కాఫీల వాటా వెయ్యడం చదివి నాకూ చివుక్కుమంది. మన ఇళ్లలో వచ్చినవాళ్ల చేత ఖర్చు పెట్టించం. పాత చీర కట్టుకుని చుట్టపుచూపుగా వచ్చిన పెద్దమ్మకు కూడా వెళ్లేటప్పుడు బస్సు చార్జీ చేతిలో పెట్టి పంపుతాం. కానీ హాస్టళ్లలో ఉండే ఈ పిల్లల అలవాటు వేరు. వాళ్లు టీ తాగినా, ఆటో ఎక్కినా రాత్రికి లెక్క చూసుకుంటారు. ఎవరి ఇంటి డబ్బు వాళ్లది, నెలాఖరుకు అందరికీ కటకటే. మొత్తం కూడి నాలుగుతో భాగిస్తే ఫోన్ ఒక అంకె చూపిస్తుంది. ఆ నలుగురిలో ఒకరు ఊరి నుంచి వచ్చిన చుట్టమని ఫోన్‌కు తెలియదు. వాళ్లకు తెలియాలి కదా అంటావు. తెలియాలి. ఆ తప్పు వాళ్లదే.

మిగతా సగం నీది. కెఫేలో కూర్చుని ఆకలి లేదన్నావు. ఎదురుగా ఉన్న ముగ్గురూ నమ్మారు. నమ్మకపోవడానికి వాళ్లకు కారణమేముంది? మూడున్నర గంటలు బస్సులో వచ్చినదానికి కడుపు బాగోలేదేమో అనుకుని ఉంటారు. మర్నాడు బోటు దగ్గర కూడా ‘నేను ఒడ్డున కూర్చుంటానే, మీరెళ్లండి’ అనే వీలు నీకుంది. అనలేదు. లేదని తెలిస్తే ఎక్కడ జాలిపడతారోనని. చివరికి వాళ్లు జాలీ పడలేదు, గమనించనూ లేదు. రెండోదే నిన్ను ఎక్కువ కోస్తోంది.

నా సంగతొకటి చెప్తాను. ఆంధ్రా యూనివర్సిటీలో పీజీ చేస్తున్నప్పుడు మా గది పిల్లలు నెలకోసారి జగదాంబకు సినిమాకు వెళ్లేవాళ్లు. నాకు ఇంటి నుంచి వచ్చేది మెస్ బిల్లుకు సరిగ్గా సరిపోయేది. మొదటిసారి తలనొప్పి అన్నాను. రెండోసారీ తలనొప్పే. మూడోసారి మా రూమ్మేట్ ఒక అమృతాంజనం సీసా కొనిచ్చి వెళ్లింది. నాలుగోసారి నన్ను పిలవలేదు. నెల రోజులు ఏడ్చాను, నన్ను వెలివేశారని. ఎన్నో ఏళ్ల తర్వాత ఒక పెళ్లిలో కలిసినప్పుడు అదే మనిషి అడిగింది: ‘అప్పట్లో నీకు మైగ్రేన్ కదా, తగ్గిందా?’

నీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన చోటు హాస్టల్ మేడ. ఒకమ్మాయి అర్ధరాత్రి దాటాక, ఇంట్లోవాళ్లకు కూడా చెప్పని మాట నీకు చెప్పి ఏడ్చింది. పక్క గదుల్లో రోజూ కలిసి తిరిగేవాళ్లు ఎంతమంది ఉన్నారో తెలియదు గానీ, నీ రాక కోసం దాచుకున్నట్టే ఉంది. ఇంజినీరింగ్‌లో బ్యాక్‌లాగ్ అంటే వాళ్ల మధ్య ఎంత నామోషీయో నీకు అర్థమయ్యే ఉంటుంది. పగలంతా ఇంటర్న్‌షిప్పుల గురించి గట్టిగా మాట్లాడినవాళ్లలో ఆ పిల్ల కూడా ఉంది కదా! తన గుట్టు నీ ముందు విప్పింది. నువ్వు మాత్రం ఆ మేడ మీద కూడా పర్సు సంగతి ఎత్తలేదు.

అందుకని గ్రూపులో ఏమీ రాయకు. గ్రూపులో రాస్తే అది ఫిర్యాదవుతుంది, అందరూ దండం బొమ్మలు పెట్టి ఊరుకుంటారు. ఆ అమ్మాయికి ఒక్కదానికే ఫోన్ చెయ్యి. ముందు బ్యాక్‌లాగుల సంగతి అడుగు, అది నీ వంతు. తర్వాత నీ మాట చెప్పు: ‘ఏమే, ఆ రోజు కెఫేలో నాకు ఆకలి లేక కాదు. చేతిలో డబ్బుల్లేవు. బిల్లు కట్టడానికి అమ్మ దగ్గర అబద్ధం చెప్పాను. ఈసారి వస్తే నేను అయిదొందల్లో తిరగాలి. అలా కుదిరితేనే వస్తాను.’ అంకెతో సహా చెప్పు. ‘ఎక్కువ ఖర్చు పెట్టలేను’ అంటే ఎవరి ఎక్కువ వాళ్లది, వాళ్ల లెక్కలో రెండు వేలు తక్కువే కావచ్చు.

దానికి ఆమె ఏమంటుందో చూడు. ‘పిచ్చిదానా, ముందే చెప్పొచ్చు కదా’ అని తిడితే నీ భయానికి అక్కడితో మందు దొరికినట్టే. ‘సరేలే’ అని మాట తప్పించేస్తే అది కూడా ఒక సమాధానమే. అప్పుడు నాలుగు నెలలకో ఫోను, పుట్టినరోజుకో మెసేజ్ స్థాయికి ఆ స్నేహం తగ్గుతుంది. బాధగానే ఉంటుంది, కానీ దాన్ని నిలబెట్టడానికి అమ్మ కుట్టిన జాకెట్ల డబ్బు పెట్టక్కర్లేదు.

అయిదొందల్లో విశాఖలో ఏముంటుంది అంటావేమో. నేను ముప్ఫై ఏళ్లుగా మద్దిలపాలెంలో ఉంటున్నాను, నన్నడుగు. మీవాళ్ల హాస్టల్ ఎంవీపీ కాలనీలో అని కవరు వెనక రాశావు. అక్కడి నుంచి లాసన్స్ బే ఒడ్డుకు నడిచే వెళ్లొచ్చు. తెల్లారగట్ల బీచ్ రోడ్డులో కొంత మేర వాహనాలు ఆపేస్తారు, ఊరు ఊరంతా రోడ్డు మధ్యలో నడుస్తుంది. ఆర్కే బీచ్ దాకా వెళితే కురుసుర ఉంటుంది. 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసిన సబ్‌మెరైన్ అది, ఆ మరుసటి ఏడు ఒడ్డుకు తెచ్చి మ్యూజియం చేశారు. లోపల ఒకరి వెనక ఒకరు తల వంచుకుని నడవాల్సిందే, కోడింగ్ గురించి మాట్లాడే చోటుండదు. సాయంత్రం ఇసుకలో కూర్చుని మురీ మిక్చర్ పొట్లాలు నాలుగు కొనుక్కుంటే ఎనిమిదింటి దాకా కబుర్లు. నీళ్లలోకి మాత్రం పాదాలు తడిసేంతవరకే. ఆర్కే బీచ్ అయినా, యారాడ అయినా, పైకి చూస్తే అమాయకంగా ఉంటుంది గానీ లోతు ఒక్కసారిగా పడిపోతుంది, వెనక్కి లాగేస్తుంది. ఈ ఒక్క విషయంలో నీ స్నేహితులు ఎంత పిలిచినా వినకు.

ఇంకో మాట. ‘నా చదువు చిన్నగా కనిపిస్తోంది’ అన్నావు. దానికి పెద్ద జవాబు చెప్పను. బీఎస్సీ అయ్యాక పీజీసెట్ రాస్తే, 1926లో పెట్టిన మా ఆంధ్రా యూనివర్సిటీకే నువ్వూ రావచ్చు. ఎంసీఏ కావాలంటే ఐసెట్ ఉంది. అప్పుడు విశాఖ నీకు శని, ఆదివారాల ఊరు కాదు. ఇప్పటికి రెండో సంవత్సరం మార్కులు చూసుకో. వాళ్లు మాట్లాడుకున్న పదాలు అర్థం కాకపోవడం కూడా వింతేం కాదు. నువ్వు కెమిస్ట్రీ ల్యాబులో టైట్రేషన్ గురించి మొదలుపెడితే వాళ్లు ముఖాలు చూసుకుంటారు.

సంక్రాంతి తర్వాత వెళ్లాలా అని అడిగావు. ఈసారికి వెళ్లకు. కారణం డబ్బొక్కటే అయితే వెళ్లమనేదాన్ని. అమ్మకు నిజం చెప్పిన నెలలోపే మళ్లీ బ్యాగు సర్దుకుంటే ఆవిడకు ఎలా ఉంటుందో ఆలోచించు. దానికి బదులు వాళ్లనే రమ్మను. ముగ్గురిదీ మీ చుట్టుపక్కల ఊళ్లే కాబట్టి పండక్కి ఎలాగూ ఇళ్లకొస్తారు. కనుమ వెళ్లాక ఒక రోజు మీ ఇంట్లో భోజనానికి పిలువు. పప్పు, చారు, ఏదో ఒక వేపుడు, మిగిలిన అరిసెలు చాలు. మిషను గదిలో ముక్కలన్నీ పక్కకు నెట్టి చాప వెయ్యి. అమ్మను వాళ్లు చూడాలి, అమ్మ వాళ్లను చూడాలి. ఒక్కదాన్నే పంపి తప్పు చేశానన్న ఆవిడ దిగులు నీ మాటల కంటే వాళ్లను చూస్తేనే ఎక్కువ తగ్గుతుంది. వాళ్లకు కూడా, ఆ 1,940 ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

మధ్యాహ్నం మీదుగా నలుగురూ బస్సెక్కి తోటపల్లి వెళ్లండి. నాగావళి మీద బ్యారేజీ, పక్కనే వెంకటేశ్వరస్వామి గుడి, మీకు తెలిసిన చోటే. బస్సు చార్జీలు ఈసారి నువ్వు పెట్టుకో, అడగకుండానే. ఫొటో మాత్రం నువ్వు తియ్యకు. దారిన పోయేవాళ్లెవరి చేతికైనా ఫోనిచ్చి, నువ్వు వెళ్లి మధ్యలో నిలబడు.