క్రోమాటిన్ తెరుచుకుందని రాసే ముందు

అమ్మాయీ,

ఆశీస్సులు. మందు వేస్తే కణాల్లో క్రోమాటిన్ (ప్రొటీన్లతో కలిసి చుట్టుకున్న డీఎన్‌ఏ) తెరుచుకుంటుందేమో చూడ్డానికి, డీఎన్‌ఏని కోసే మైక్రోకోకల్ న్యూక్లియేజ్ ఎంజైమ్‌తో పని మొదలుపెడుతున్నావు కదా. ఒక్కో న్యూక్లియోజోమ్‌లో హిస్టోన్ ప్రొటీన్ల ముద్ద చుట్టూ 147 బేస్ జతల డీఎన్‌ఏ చుట్టుకుని ఉంటుంది. ఈ ఎంజైమ్ ముందుగా న్యూక్లియోజోమ్‌ల మధ్య ఉన్న లింకర్ డీఎన్‌ఏని కొరుకుతుంది. జెల్ మీద నిచ్చెన మెట్లలా బ్యాండ్లు వచ్చేది అందుకే.

కేంద్రకాలు తీశాక ట్రిపాన్ బ్లూ వేసి చూడు. దాదాపు అన్నీ నీలంగా, గుండ్రంగా, విడివిడిగా ఉండాలి. పిపెట్ ఎత్తితే జిగురు తీగలా సాగిందంటే కేంద్రకాలు పగిలినట్టే. ఆ ట్యూబు పారెయ్, బఫర్‌లో మెగ్నీషియం మరిచిపోయావేమో చూసుకో.

ఎంజైమ్ మోతాదు ఎవరి ప్రోటోకాల్ నుంచీ ఎత్తి రాయకు. సమానంగా లెక్కపెట్టిన కేంద్రకాలు ఐదు ట్యూబుల్లో తీసుకుని, ఒక్కోదానికీ ఎంజైమ్ సగం చేసుకుంటూ పో. 1 మిల్లీమోలార్ కాల్షియం, 37 డిగ్రీలు, 5 నిమిషాలు. కాల్షియం లేనిదే ఇది పనిచేయదు, కాబట్టి కాల్షియాన్ని పట్టేసే ఈజీటీఏతో ఆపెయ్. ప్రొటీన్లను కరిగించే ప్రొటీనేజ్-కె వేసి, డీఎన్‌ఏ శుభ్రం చేసి, 1.5 శాతం అగరోజ్‌లో నడుపు. 150 బేస్ జతల దగ్గర బ్యాండు బలంగా ఉండి, రెండో మెట్టు ఇంకా కనబడే ట్యూబు నీకు కావాలి. ఒక్క బ్యాండే మిగిలి, అదీ కిందికి జారితే ఎక్కువ కోసేశావన్నమాట. ఏ-టీ బేస్ జతలు ఎక్కువున్న చోట్లంటే ఈ ఎంజైమ్‌కి మోజు. ప్రొటీన్లు తీసేసిన డీఎన్‌ఏని కూడా పక్కనే కోసి చూడకపోతే ఆ మోజునే జన్యు నియంత్రణ అనుకుంటావు.

అసలు గొయ్యి మరోచోట ఉంది. చురుకైన జన్యువులున్న తెరిచిన ప్రాంతాలు సాధారణంగా ఎస్ దశ (కణం తన డీఎన్‌ఏకి ప్రతి తీసుకునే దశ) మొదట్లోనే ప్రతికృతి అవుతాయి, గట్టిగా ముడుచుకున్న హెటెరోక్రోమాటిన్ చివర్లో. ఆడ క్షీరదాల్లో మూతపడ్డ ఎక్స్ క్రోమోజోమ్ చూడు: జన్యువులు దాని జతలోవే, అయినా ఆలస్యంగా ప్రతికృతి అవుతుంది. ఇక నీ కల్చర్‌లో ఎస్ దశ కణాలు కలిసే ఉంటాయి. వాటిలో తొలి ప్రాంతాలకు అప్పటికే రెండు ప్రతులు, మలి ప్రాంతాలకు ఇంకా ఒకటే. సీక్వెన్సింగ్‌లో ఒక చోట రీడ్లు (చదివిన డీఎన్‌ఏ ముక్కలు) పెరిగాయంటే నిర్మాణమే మారిందనక్కర్లేదు, ప్రతి పెరిగి ఉండొచ్చు. పైగా ఫోర్క్ (డీఎన్‌ఏ విడిపోయి ప్రతి తయారయ్యే చోటు) దాటిన వెంటనే పాత, కొత్త హిస్టోన్లు సర్దుకునేదాకా అక్కడ ఎంజైమ్ సులువుగా దూరుతుంది.

డీఎన్‌ఏ పరిమాణాన్ని బట్టి జీ1 కణాలను (ఇంకా ఎస్ దశలోకి వెళ్లనివి) వేరుచేసి వాడు. కుదరకపోతే అవే కణాల కోయని డీఎన్‌ఏ రీడ్లతో భాగించు. ప్రతుల తేడా పోతుంది గానీ ఫోర్క్ వెనకటి తేడా ఉండిపోతుంది. మందు వేసిన కణాలకూ వేయనివాటికీ కణచక్రం ప్రొఫైల్ (ఏ దశలో ఎన్ని కణాలున్నాయో) తీసి నాకు పంపు, ఎస్ దశ వాటా తేడాగా ఉంటే మిగతా గ్రాఫులు ఇప్పుడే గీయకు.