ఈస్టర్ అయిపోగానే మనసులో శాంతి ఎందుకు నిలవదు?

ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధనలో ఉన్న సంతోషం సోమవారానికే పోయి మళ్లీ టెన్షన్ మొదలైందంటే, మీ విశ్వాసంలో లోపమని అనుకోకండి. మొదటి ఈస్టర్ సాయంత్రం శిష్యులు కూడా భయంతో తలుపులు వేసుకునే కూర్చున్నారు. యేసు వచ్చి అన్న మొదటి మాట "మీకు సమాధానము కలుగును గాక". (చర్చి తెలుగులో సమాధానమంటే జవాబు కాదు, శాంతి. మా ఒంగోలులో చర్చికి వెళ్లని స్నేహితులకు ఇప్పటికీ ఇది వింతే.) తనను పట్టుకున్నప్పుడు ఎందుకు పారిపోయారని నిలదీయలేదు. గాయపడిన చేతులు చూపించాడు. గాయాలన్నీ మాసిపోయాకే వచ్చే శాంతి కాదన్నమాట అది.

ప్రేమ సంగతి యోహాను 21వ అధ్యాయంలో ఉంది. రాత్రంతా వలలేసినా ఏమీ పడని శిష్యుడు పేతురుకు తెల్లారేసరికి ఒడ్డున నిప్పులు, వాటి మీద చేప, పక్కన రొట్టె. మా కొత్తపట్నం తీరంలో ఖాళీ వలతో పడవ దిగే మనిషిని చూసినవాళ్లకు ఆ ఆకలి తెలుస్తుంది. యేసు ముందు తినమన్నాడు. తర్వాతే "నన్ను ప్రేమిస్తున్నావా?" అని అడిగాడు, మూడుసార్లు. ఆయనెవరో తెలియదని మూడుసార్లు బొంకినవాణ్ణి!

పెంతెకొస్తు (పరిశుద్ధాత్మ దిగివచ్చిన పండుగ) దాకా 50 రోజులూ ఈస్టర్ కాలమే. రోజూ యోహాను 20, 21 అధ్యాయాల్లో కాస్త చదవండి. మాటలు మానేసిన అన్నకో వదినకో ఒక ఫోన్ చేయండి.