బానెట్ మీద పెట్టిన పాటలు

పాపా,

ఎమ్మెస్ సుబ్బులక్ష్మి అమ్మ పాడిన బాలాజీ పంచరత్నమాల ఐదు ఎల్పీలూ, అదే పాత గ్రామఫోన్ ప్లేట్లు, ఒకే చోట దొరికాయని, బెంగళూరులో ఎవరితోనో బేరమాడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన ఇంట్లో పాట కోసం డబ్బు తీసే మనిషి మా అక్క, అదే మీ అవ్వ, తర్వాత మళ్లీ నువ్వే. "ఎల్పీలు కొనేదా, సీడీలు కొనేదా, తాతను అడిగి చెప్పు" అన్నావంట. నన్నే అడగొచ్చు గదా, నేనేమన్నా కొరుకుతానా?

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. కొనేముందు ఐదు అట్టల్లోంచీ ప్లేట్లు బయటికి తీయించి, అట్ట మీది పేరూ ప్లేటు మీది పేరూ ఒకటేనా చూడు. ఒకదాని అట్టలో ఇంకొకటి దూర్చి అమ్మేవాళ్లు నా కాలంలోనే ఉన్నారు. ట్యూబ్‌లైట్ కింద ప్లేటును కంటికి సమంగా పట్టుకుని అంచు చూడు, వంపు ఉంటే తెలిసిపోతుంది. బూజు ఉంటే భయపడొద్దు, అది కడిగితే చాలావరకు పోతుంది. గోరు తగిలితే తెలిసే గీత మాత్రం పోదు. ఇంట్లో నిలబెట్టి పెట్టు, ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు. సూట్‌కేసు లాగా మూత తెరిచే చవక ప్లేయర్ కొనొద్దు. ప్లేటు మీద ఆనే వాటి ముల్లు బరువు ఎక్కువ, పాట ఉన్న గాడిని గీరేస్తుంది.

ఇక అసలు ప్రశ్న. వినడానికే అయితే సీడీ కొను. ఆ పాటలు సీడీల్లోనూ వచ్చాయి. ఎల్పీలో ఒక వైపు ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. కూర సగం తరిగేలోపు లేచి తిప్పాలి. సీడీలో 74 నిమిషాలు పడతాయి, నీ పని నువ్వు చేసుకోవచ్చు. ఇంకోటి, నాకు ఇష్టం లేకపోయినా చెప్పాలి. ప్లేటు అంచున ముల్లు కింద గాడి గబగబా జరుగుతుంది. లేబుల్ దగ్గరికి వచ్చేసరికి నిమిషానికి అవే 33 చుట్లు గానీ, ఒక్కో చుట్టులో పోయే దారి సగానికి తగ్గిపోతుంది. అందుకే అరిగిన ప్లేట్లలో ప్రతి వైపూ చివరి పాటలో స, ష అక్షరాలు బుసకొట్టినట్టు వినిపిస్తాయి. సీడీలో ఆ బాధ లేదు. కానీ పాత టేపుల్లోని హోరు తీసేస్తామని తంబురా నాదాన్ని కూడా తుడిచేసిన సీడీలు కొన్ని విన్నాను. అమ్మ గొంతు ఒంటరిగా గోడ ముందర నిలబడినట్టు ఉంటుంది. కాబట్టి కొనేముందు ఒక పాట విను, తంబురా వినిపించకపోతే వదిలెయ్.

సీడీకీ జాగ్రత్త కావాలి. అందరూ మెరిసే వైపునే కాపాడుకుంటారు. పాట ఉన్న అల్యూమినియం పొర పేరు అచ్చువేసిన వైపుకే దగ్గర, దాని మీద ఉండేది పల్చటి పూత మాత్రమే. ఆ వైపు బాల్‌పెన్నుతో పేరు రాసుకున్నావో, పోయినట్టే. తుడిచేటప్పుడు మధ్యలోంచి అంచుకు తుడువు, చుట్టూ కాదు. ఎల్పీని మాత్రం గాడి వెంబడే చుట్టూ తుడవాలి. అన్నమయ్య పాటల్ని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుళ్లో పెట్టిన వాళ్లు తెలివైనవాళ్లు. ఆ రేకులు చూసిన కళ్లకు ఈ ప్లాస్టిక్ మీద నమ్మకం కుదరదు.

ఎల్పీ శబ్దం వెచ్చగా ఉంటుందని కూడా అన్నావంట. ఆ మాటకే నాకు నిద్ర పోయింది. ప్లేటుకు వెచ్చదనం ఏం చేస్తుందో నాకు తెలుసు.

1981 మే నెల. టీటీడీ వాళ్లు తీయించిన ఆ ఐదు ఎల్పీలు కావాలని మీ అవ్వ పట్టుబట్టింది. రెండు నెలల పాల డబ్బులు కొంగు ముడి విప్పి నా చేతిలో పెట్టింది. నేను మద్రాసు పోయి, మౌంట్ రోడ్డులో కొని, మధ్యాహ్నం తిరుపతి బస్సెక్కాను. సీటు దొరకలేదు. ఒళ్లో పెట్టుకోవడానికి లేదు, కింద పెడితే తొక్కేస్తారు. డ్రైవరు నా అవస్థ చూసి "ఇట్లివ్వండి సార్" అని పక్కనున్న ఇంజను మూత, అదే బానెట్, దాని మీద చోటు చేశాడు. ఎంత మంచివాడో అనుకున్నాను. అందరికన్నా పాటలకే ముందు సీటు దొరికిందని మురిసిపోయాను కూడా. తిరుత్తణి, నగరి, పుత్తూరు. పుత్తూరులో టీ తాగి వచ్చి పొట్లం మీద చెయ్యి వేస్తే దోసె పెనంలాగా ఉంది. అప్పుడన్నా తీసి ఒళ్లో పెట్టుకున్నానా? ఇంకెంత దూరంలే అనుకున్నాను.

ఇంటికొచ్చి విప్పితే పై రెండూ బాగున్నాయి. కింది మూడూ అప్పడాల్లాగా లేచి ఉన్నాయి. ఆ ప్లాస్టిక్కు 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుందని నాకు అప్పుడు తెలియదు. మీ అవ్వ స్నానం చేసి, దీపం పెట్టి, ప్లేయర్ ముందర పీట వేసుకుని కూర్చుంది. నేను వంకర ప్లేటే పెట్టాను, ఎట్లన్నా పాడుతుందేమోనని. ముల్లు పడవలాగా లేచి పడుతూ ఉంది. కాసేపు విని "ఏంరా, అమ్మకు ఎక్కిళ్లు వచ్చినట్టుండాయే" అంది.

అంగడివాడు పాడైపోయినవి అంటగట్టాడని చెప్పాను. నోట్లోంచి వచ్చేసింది. ఆమె అప్పటికప్పుడు మద్రాసు పోయి వాణ్ణి నిలదీస్తానని లేచింది. అంగడి మూసేశారంట అక్కా అని ఇంకో అబద్ధం ఆడాను. మరుసటి రోజు ఆమె పొలం పోయాక ఒక ప్లేటును రెండు అద్దాల మధ్య పెట్టి ఎండలో ఉంచాను, సమంగా వస్తుందని. వంపు తగ్గింది. గాడి కూడా తగ్గింది. తర్వాత అందులో గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు వినిపించేది. మీ అవ్వ పోయేదాకా ఆ అంగడివాణ్ణి తిడుతూనే ఉంది. పాపం, వాడు మంచి సరుకే ఇచ్చాడు. ఈ సంగతి మీ అమ్మకు కూడా తెలియదు, నువ్వు చెప్పొద్దు.

కాబట్టి ఎల్పీలు కొంటే ఇవి మాత్రం విను. పార్సిల్ వేయించొద్దు. కారులో పెట్టి కాఫీ తాగడానికి దిగొద్దు, ఎండలో ఆపిన కారు బానెట్‌కు తీసిపోదు. నీ గది మిద్దె పైన గదా, కిటికీ ఉన్న గోడకు ఆనించొద్దు, గ్యాస్ స్టవ్ ఉన్న గోడకు అసలే వద్దు. ఇల్లు మారేటప్పుడు సామాన్లవాళ్ల చేతికి ఇవ్వొద్దు. ఎవరన్నా ఒక రోజుకని అడిగితే మా తాత ఒప్పుకోడని చెప్పు, చెడ్డపేరు నాకు రానీ. ఇంత చెయ్యలేనంటే సీడీలు కొనుక్కో. నేనేమీ అనుకోను.

అనుకోను అన్నాను గానీ, నిన్ననే ప్లేయర్‌కు కొత్త బెల్టు వేయించాను. కొత్త ముల్లు కూడా తెప్పించాను.

ఎల్పీలే కొంటే మే వెళ్లాక, రాత్రి రైలుకు రా. తెల్లారేసరికి స్టేషన్ బయట నేనుంటాను. పూర్ణకుంభం సర్కిల్లో అమ్మ విగ్రహం చూసుకుని ఇంటికి పోదాం. బరువుగా ఉంది పట్టుకో తాతా అని ఆ సంచి నా చేతికి ఇవ్వొద్దు. ఇంటిదాకా నువ్వే పట్టుకో.

మీ తాత