దోమ మందుకు ఎండాకు తెగులు తగ్గదు

అన్నా, వరి ఆకులు అంచుల వెంట పసుపెక్కి కొసల నుంచి ఎండుతున్నాయి, దోమ మందు రెండుసార్లు కొట్టినా తగ్గలేదన్నారు. సుడిదోమ అనే చిన్న పురుగు అయితే దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన గుంపుగా చేరి రసం పీలుస్తుంది. చేను సుడులు సుడులుగా ఎండుతుంది. మీది బ్యాక్టీరియా ఎండాకు తెగులులా ఉంది.

తేల్చుకోవడం తేలికే. పచ్చ, ఎండు కలిసేచోట ఆకును కోసి, ఆ కొసను గాజు గ్లాసులోని మంచినీళ్లలో ముంచండి. కొన్ని నిమిషాల్లో పాలలాంటి సన్నటి ధార దిగితే బ్యాక్టీరియానే. దానిమీద పురుగుమందు పనిచేయదు, డబ్బు దండగ. యూరియా వెంటనే ఆపండి. మడిలో నీళ్లు తీసేయండి, అవి పక్క మడిలోకి పోనివ్వకండి. దోమ ఉందేమో దుబ్బులు తట్టి చూడటం మాత్రం మానొద్దు, తెగులు, దోమ రెండూ ఒకే చేలో ఉండొచ్చు.