తల్లీ, ఈ రెండు తేదీలు కంటికి ఎదురుగా పెట్టుకో

చిరంజీవి తల్లికి పెదనాన్న ఆశీస్సులు.

నీకు హెచ్-1బీ ఉద్యోగ వీసా వచ్చిందని, కంపెనీవాళ్లు గ్రీన్‌కార్డు పని మొదలుపెడతామన్నారని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషమమ్మా. వాట్సాప్‌లో వచ్చే వార్తలు చూసి రాత్రిళ్లు నిద్రపట్టడం లేదని కూడా అన్నాడు. అందుకే రాస్తున్నాను. నువ్వు కాపలా కాయాల్సినవి రెండే తేదీలు: ఒకటి అమెరికాలో ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పే ఐ-94 రికార్డు గడువు, రెండోది గ్రీన్‌కార్డు క్యూలో నీ చోటు చెప్పే ప్రయారిటీ డేట్. ఏ కొత్త రూలు వచ్చినా ఈ రెంటిలో దేన్ని తాకుతుందో చూసుకో.

పాస్‌పోర్టులో ఉన్న వీసా స్టాంపు అమెరికా గుమ్మం దాకా రావడానికే. లోపల ఎన్నాళ్లుండొచ్చో చెప్పేది ఐ-94. స్టాంపు గడువు తీరినా ఐ-94 నడుస్తుంటే నీకు ఇబ్బంది లేదు. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. హెచ్-1బీ ఆమోదం నోటీసు ఐ-797లో 2028 సెప్టెంబరు దాకా అనుమతి ఉందనుకో, పాస్‌పోర్టు మాత్రం 2027 మార్చిలో అయిపోతుందనుకో. ఇండియా వచ్చి తిరిగి వెళ్లినప్పుడు ఎయిర్‌పోర్టులో ఆఫీసరు ఐ-94ని 2027 మార్చి వరకే ఇవ్వొచ్చు. తర్వాత పాస్‌పోర్టు రెన్యువల్ చేయించుకుని నిశ్చింతగా ఉంటారు. పాస్‌పోర్టు కొత్తదైనా ఐ-94 తేదీ దానంతట అది జరగదు. ఆ తేదీ దాటి 180 రోజులకు మించి ఉండి బయటికొస్తే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు మళ్లీ అడుగు పెట్టనివ్వరు. అందుకని పాస్‌పోర్టు ప్రయాణానికి ముందే రెన్యువల్ చేయించు. అక్కడ దిగి ఇంటికి చేరిన రోజే సీబీపీ (అమెరికా సరిహద్దు తనిఖీ శాఖ) వెబ్‌సైట్‌లో ఐ-94 తీసి, తేదీ చూసి, కాపీ దాచుకో. తక్కువ ఇచ్చినట్టు కనిపిస్తే ఆ రోజే కంపెనీ లాయరుకి చెప్పు.

ఇక ప్రయారిటీ డేట్ అంటే లేబర్ డిపార్ట్‌మెంట్‌లో మీ కంపెనీ పెర్మ్ దరఖాస్తు, అంటే ఆ ఉద్యోగానికి అర్హులైన అమెరికన్లు దొరకలేదని చూపే దరఖాస్తు, వేసిన రోజు. క్యూలో నీ చోటు ఆ రోజునే ఖాయమవుతుంది. దానికి ముందు జీతం స్థాయి తేల్చుకోవాలి, ప్రకటనలు ఇవ్వాలి. వీటికే నెలలు గడిచిపోతాయి. ఉద్యోగాల కోటాలో ఏడాదికి సుమారు 1,40,000 గ్రీన్‌కార్డులు. వాటిలోనే భార్యాభర్తలు, పిల్లలు కూడా లెక్కకొస్తారు. ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి. మనవాళ్ల క్యూ ఇంత పొడవుగా ఉండడానికి కారణం అదే. దాన్ని మార్చాలంటే అమెరికా కాంగ్రెస్ చట్టం చేయాలి. బిల్లు పెట్టారన్న వార్తకే ఆశలు పెంచుకోకు.

ఈ లెక్కలో చూసేది పౌరసత్వం కాదు, పుట్టిన దేశం. భర్త వేరే దేశంలో పుట్టి ఉంటే నువ్వు ఆ దేశం కోటాలోకి వెళ్లొచ్చు. కోనసీమ, కడప, కరీంనగర్ వైపు నుంచి గల్ఫ్‌కి వెళ్లిన కుటుంబాల్లో కొందరు పిల్లలు అక్కడే పుట్టారు. ఈ వెసులుబాటు ఉందని వాళ్లలో చాలామందికి తెలియదు.

హెచ్-1బీకి మొత్తం ఆరేళ్లు. పెర్మ్ గానీ, దాని తర్వాత కంపెనీ వేసే గ్రీన్‌కార్డు పిటిషన్ ఐ-140 గానీ వేసి 365 రోజులు గడిస్తే ఏడాది చొప్పున, ఐ-140 ఆమోదమై నీ వంతు ఇంకా రాకపోతే మూడేళ్ల చొప్పున పొడిగిస్తారు. కాబట్టి ఐదో ఏడు మొదలయ్యేలోపే పెర్మ్ దాఖలయ్యేలా వెంటపడు. ఇండియాలో గడిపిన రోజులు ఆరేళ్లలో కలపరు. వాటికి రుజువుగా బోర్డింగ్ పాసులు పారేయకు.

ఐ-140 ఆమోదం నోటీసు కాపీ అడిగి తీసుకో. ఆమోదమై 180 రోజులు నిండితే కంపెనీ వెనక్కి తీసుకున్నా పొడిగింపులకు అది పనికొస్తుంది. ఆ లోపే ఉద్యోగం మారితే ఆ ఆధారం పోయే ప్రమాదం ఉంది. మారినచోట పెర్మ్ మళ్లీ మొదటినుంచి వేయాల్సిందే, కానీ పాత ప్రయారిటీ డేట్ నీతోపాటే వస్తుంది. ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజులు, ఐ-94 అంతకంటే ముందే ముగిస్తే అప్పటివరకే. ఆ లోపు కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి.

కొత్త వార్త వస్తే మూడు సంగతులు కనుక్కో: ఏ తేదీ తర్వాత వేసినవాటికి వర్తిస్తుంది, దేశం లోపల ఉన్నవాళ్లకా బయట ఉన్నవాళ్లకా, ఏ రకం వీసాకి. 2025 సెప్టెంబరు 19న హెచ్-1బీ పిటిషన్‌కి లక్ష డాలర్లు కట్టాలన్న ప్రకటన వచ్చినప్పుడు అందరూ బెంబేలెత్తారు. తీరా చూస్తే అది సెప్టెంబరు 21 నుంచి వేసే కొత్త పిటిషన్లకు. అక్కడే ఉంటూ పొడిగించుకునేవాళ్లకు, ఎఫ్-1 విద్యార్థి వీసా నుంచి మారేవాళ్లకు వర్తించదని అక్టోబరులో స్పష్టం చేశారు. ఇక ప్రతిపాదన వేరు, తుది రూలు వేరు. అమెరికా ప్రభుత్వ గెజిట్ అయిన ఫెడరల్ రిజిస్టర్‌లో తుది రూలుగా వచ్చి, అమలు తేదీ కనిపించేదాకా నీ ప్లాన్ మార్చుకోకు.

స్టాంపింగ్, అంటే పాస్‌పోర్టులో వీసా స్టాంపు వేయించుకోవడం, విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఇప్పుడు సొంత దేశంలోనో, నివాసముంటున్న దేశంలోనో ఇంటర్వ్యూకి వెళ్లమంటున్నారు. 2025 డిసెంబరులో సోషల్ మీడియా తనిఖీ పెట్టాక ఇక్కడికి వచ్చిన చాలామందికి అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కిపోయాయి. స్టాంపు గడువు తీరి ఉంటే పండక్కి రాకపోయినా మేమేమీ అనుకోం.

ఒక పని ఇప్పుడే మొదలుపెడదాం. నీ వంతు వచ్చాక గ్రీన్‌కార్డుకి వేసే ఐ-485 దరఖాస్తుతో జనన ధ్రువపత్రం అడుగుతారు. మన పాత సర్టిఫికెట్లలో తల్లిదండ్రుల పేర్లుంటాయి గానీ బిడ్డ పేరు గడి ఖాళీగా ఉంటుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. ఇలాంటి తేడాలకే వాళ్లు మళ్లీ ఆధారాలు అడుగుతారు. రికార్డే లేకపోతే పుట్టుక నమోదు కాలేదని మున్సిపాలిటీ నుంచి సర్టిఫికెట్ తీసుకుని, నీ పుట్టుక స్వయంగా తెలిసిన ఇద్దరు పెద్దల చేత నోటరీ అఫిడవిట్లు రాయించాలి. మీ అమ్మమ్మ ఉంది, నేనున్నాను. సోమవారం నేను, మీ అమ్మ కలిసి మున్సిపల్ ఆఫీసుకి వెళతాం. నీ పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ స్కాన్ చేసి ఆదివారంలోపు పంపు.

మీ పెదనాన్న