స్కోరుతో మొదలుపెట్టు, అమ్మలూ

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం

అమ్మలూ,

మీ అమ్మ ఫోన్ చేసి, "నీ శిష్యురాలు ఆఫీసులో ఆర్నెల్లు సెలవడిగిందట, జీతం లేకుండా" అంది. ఎందుకే అంటే, "ఏవో పాత బీబీసీ కంప్యూటర్ ఆటల్ని టీవీ వీడియోగేమ్ డబ్బాలోకి ఎక్కిస్తుందట, నాకేం తెలుసు" అని విసుక్కుంది. నాకు తెలుసు కాబట్టే రాత్రంతా నిద్ర లేదు. మురిసిపోయాను, హడలిపోయాను కూడా.

ముందే చెప్తున్నా. సెలవంటే సెలవే. రాజీనామా అనే మాట నీ నోట వినిపిస్తే మీ అమ్మకంటే ముందు నేనే రైలెక్కి వస్తాను.

ఆటని నలభైసార్లు ఆడి చూడటం, ప్రతి మార్పునీ, పాత వెర్షన్లు దాచే గిట్‌లో పెట్టుకోవడం, ఇంకో డిస్కులో కాపీ ఉంచుకోవడం నీకు కొత్తగా నేర్పక్కర్లేదు. కాపీ సంగతి మాత్రం రెండుసార్లు చదువు. ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆటకి ఆపిల్ టూ కంప్యూటర్ మీద రాసిన సోర్స్ కోడ్ ఏళ్ల తరబడి కనిపించకుండా పోయి, 2012లో రాసినాయన తండ్రికి ఇంట్లో దొరికింది. మనింట్లో అలా దొరకదు. హుద్‌హుద్ తుఫాను తర్వాత మన అటక మీద ఏం మిగిలిందో నువ్వూ చూశావు.

బీబీసీలోనూ, నీ వీడియోగేమ్ డబ్బాలోనూ (నింటెండో కన్సోల్‌కి నకలు) 6502 ప్రాసెసర్ చిప్పే కదా, సగం పని అయిపోయినట్టే అని నువ్వు అనుకుంటున్నావు. అనుకోకపోతే నీకు ఈ ఆలోచనే వచ్చేది కాదు. 1984లో బడుల్లో కంప్యూటర్ నేర్పే ప్రభుత్వ క్లాస్ ప్రాజెక్టు కింద బడులకు బీబీసీ మైక్రోలు ఇవ్వడం మొదలుపెట్టారు. మా బడికి వచ్చినప్పుడు, లెక్కల టీచర్‌ని కదా అని గది తాళంచెవి నాకిచ్చారు. ఆ యంత్రంలో 32 కిలోబైట్ల ర్యామ్. తెర మీద అక్షరం పెట్టాలంటే సిస్టంలో ఉన్న రొటీన్‌ని పిలిస్తే చాలు, మిగతాది అదే చూసుకునేది. నీ కన్సోల్‌లో 2 కిలోబైట్లు. పిలిస్తే పలికే ఆపరేటింగ్ సిస్టమే లేదు. మెమరీ చివర మూడు వెక్టర్లు (ఎక్కడికి వెళ్లాలో చెప్పే చిరునామాలు) ఉంటాయి, అంతే. కాబట్టి బేసిక్ భాషలో ఉన్న భాగమంతా మళ్లీ రాసుకోవాల్సిందే. దాని గురించి ఏడవకు.

ఇప్పుడు మీ పెదనాన్న సంగతి. నువ్వు రెండో తరగతిలో ఉన్నావు, నీకు గుర్తుండదు.

మా బడి పిల్లలు రాసిన చేపల ఆట ఒకటి ఉండేది. ఫిషింగ్ హార్బర్, ఒక పడవ, ఒక వల. పట్టిన చేపకో పాయింటు. ఆ వేసవిలో మీరంతా మా ఇంటికొచ్చి పూర్ణా మార్కెట్‌లో కొన్న వీడియోగేమ్‌కి అతుక్కుపోతుంటే, ఆయనకి ఆ చేపల ఆటని దాని క్యాసెట్‌లోకి ఎక్కించాలని బుద్ధి పుట్టింది. పగలు డ్యూటీ, రాత్రి టంకం. ఆటని దాచే, క్వార్ట్జ్ కిటికీ ఉన్న ఈప్రామ్‌ని అల్ట్రావయొలెట్ దీపం కింద చెరపడం, మళ్లీ రాయడం, గుచ్చడం. చివరికి పడవ కదిలింది, చేపలు పడ్డాయి. ఇల్లంతా కేకలు. తొమ్మిది చేపల దాకా బాగానే ఉంది. పదో చేప పడగానే స్కోరులో సున్నా పక్కన ఇంగ్లిష్ 'ఎ' అక్షరం వచ్చింది.

ఆయన ఉద్యోగమంతా హార్బర్ క్రేన్ల దగ్గర. ఏ యంత్రం మొరాయించినా ఆయన మొదట తిట్టేది ఉప్పుగాలినే. అక్కడ అది నిజం కూడా. ఇక్కడా అదే అన్నారు. డేటా లైన్ ఏదో తేడా చేస్తోంది, బిట్లు చెడుతున్నాయి అని పిన్నులన్నీ గీకారు. టంకం మొత్తం విప్పి మళ్లీ పెట్టారు. కొత్త ఈప్రామ్‌లు తెప్పించారు. కన్సోలే చెడిందని ఇంకో కన్సోల్ కొనుక్కొచ్చారు, ఇంటి ఖర్చుల డబ్బులతో. నేను మాట్లాడటం మానేశాను. కోడ్‌లో తప్పుండొచ్చేమో అంటే, "బీబీసీ మీద ఒక్క పాయింటు తేడా రాకుండా ఆడింది, అదే ప్రాసెసర్" అని నా మీదే ఎగిరేవారు. వేసవంతా అలాగే గడిచింది.

పట్టింది నువ్వే. ఆయన కట్టలు కట్టిన వైర్ల మధ్య కూర్చుని ఆడుతూ, "పెదనాన్నా, పదహారు చేపలు పడితే పది అంటోంది, ఇది మోసం" అన్నావు. వంటింట్లో ఉన్నాను, గరిటె అక్కడే వదిలేసి వచ్చాను. పదహారుకి పది అంటే ఉప్పుగాలి కాదమ్మా, హెక్సాడెసిమల్! పదహార్ల లెక్క, అందులో పదిని 'ఎ' అని, పదహారుని 10 అని రాస్తారు.

బీబీసీలోని 6502కి డెసిమల్ మోడ్ ఉంది. ఎస్ఈడీ అని ఒక్క ఇన్‌స్ట్రక్షన్ ఇస్తే తొమ్మిదికి ఒకటి కలిపితే పది అవుతుంది, మనుషుల లెక్కలాగే. కన్సోల్‌లోని చిప్‌లో ఆ పని తీసేశారు. ఎస్ఈడీ ఇచ్చావనుకో, అది ఆగదు, తప్పు అనదు. డెసిమల్ మోడ్ గుర్తుగా జెండా ఎత్తుతుంది, కూడిక మాత్రం మామూలుగానే చేస్తుంది. మా టైళ్లలో (తెర మీద పేర్చే చిన్న బొమ్మ ముక్కల్లో) అంకెల తర్వాత అక్షరాలు వరసగా ఉండబట్టి 'ఎ' కనిపించింది. అక్కడ ఖాళీ టైలు ఉండి ఉంటే ఇంకెన్నాళ్లు గీకేవారో.

అందుకే చెప్తున్నా, బొమ్మలతో మొదలుపెట్టకు, స్కోరుతో మొదలుపెట్టు. కోడ్‌లో ఎఫ్8 బైట్ (ఎస్ఈడీ కోడ్) ఎక్కడున్నా అది ఇన్‌స్ట్రక్షనో ఉత్త డేటానో చూసుకో. స్కోరు, ప్రాణాలు, గడియారం, అన్నీ చూడు. ఒక్కో అంకెకీ ఒక్కో బైట్ ఇచ్చెయ్, పదికి చేరినా, దాటినా పది తీసేసి పక్క అంకెకి ఒకటి కలుపు. తెరకి టైల్ నంబర్ పంపడానికి కూడా అదే సులువు.

నాకు భయం చిప్ గురించి కాదు, నీ గురించి. నీది ఆయన పోలికే. ఒక చోట తప్పుందని నమ్మితే ఇక అక్కడే తవ్వుతావు. రెండు రోజులు తవ్వినా దొరక్కపోతే ఫోన్ చెయ్. అర్ధరాత్రయినా పర్లేదు.

తెర సంగతి. బీబీసీలో ఎక్కడ కావాలంటే అక్కడ చుక్క పెట్టేదానివి. ఇక్కడ అన్నీ 8 బై 8 చుక్కల టైళ్లు, బ్యాక్‌గ్రౌండ్‌కి రంగులు 16 బై 16 చుక్కల గళ్లలో. వీడియో మెమరీలోకి రాయాలంటే తెర గీయని ఆ కాస్త వ్యవధిలోనే రాయాలి. యూరప్‌లో అమ్మిన, పాల్ టీవీ పద్ధతికి చేసిన కన్సోల్‌లో ఆ వ్యవధి తెర మీద 70 గీతలు గీసేంత సేపు, పాల్ టీవీలకి చేసిన చాలా క్లోన్లలో (మనలాంటి నకలు డబ్బాల్లో) 20 గీతలే. స్ప్రైట్ల (కదిలే బొమ్మల) కాపీకి 513 సైకిళ్లు (ప్రాసెసర్ గడియారపు టిక్కులు) పోను, మామూలు లూప్‌తో రాస్తే వంద పైచిలుకు బైట్లు వెళ్తాయి. 1984లో బీబీసీ మీద వచ్చిన, గీతలతో బొమ్మలు గీసే ఎలైట్ ఆటని 1991లో దాన్ని రాసిన ఇద్దరే ఈ కన్సోల్‌కి తెచ్చారు. అది చూసి నేనూ గీతల బొమ్మలు గీసేస్తానని ఉబలాటపడకు. ఆ వెర్షన్ అమ్మింది యూరప్‌లోనే, అక్కడి గీతలెన్నో పైన చెప్పాను. ఎమ్యులేటర్‌లో (కన్సోల్‌ని కంప్యూటర్ మీద అనుకరించే ప్రోగ్రామ్) ఆ క్లోన్ల టైమింగ్ ఇచ్చే డెండీ మోడ్ పెట్టుకుని, వారానికోసారి అసలు డబ్బా మీద ఆడి చూడు.

ఫ్లాష్ క్యాసెట్ (మళ్లీ మళ్లీ రాయగలిగేది) కొనేటప్పుడు 60 పిన్నులదే కొను, 72 పిన్నులది మన డబ్బాలో పట్టదు. అడాప్టర్ పోలారిటీ మీటర్‌తో చూడకుండా స్విచ్ వేశావంటే చంపేస్తాను. పిన్నులు ఐసోప్రొపైల్‌తో తుడువు, నోటితో ఊదకు. (ఉప్పుగాలి నిజమే మరి. ఆయన చెప్పిందంతా తప్పని కాదు.)

పాత ఆట కదా, ఎవరడుగుతారులే అనుకోకు. మన చట్టంలో ప్రోగ్రామ్ సాహిత్య రచన కిందే లెక్క, రాసినవాళ్లు పోయిన తర్వాత అరవయ్యేళ్ల దాకా హక్కు ఉంటుంది. ఎనభైల నాటి ఆట ఏదీ గడువు తీరి ఇంకా ఊరందరిదీ కాలేదు. హక్కుదారులకి రాసి అడుగు. జవాబు రాకపోతే మన చేపల ఆట చెయ్. లిస్టింగ్ కాగితాలు తడిశాయి గానీ చదవొచ్చు. ఆ పిల్లల్లో ఇద్దరు గాజువాకలోనే ఉన్నారు, వాళ్లనీ అడుగుదాం.

పై గదిలో ఆయన కొన్న రెండో కన్సోల్, పెద్ద టీవీ ఉన్నాయి. పాతసామాన్లవాడికి ఇచ్చేయమని మీ అన్నయ్య పోరుతున్నాడు, ఇవ్వలేదు. ఎప్పుడొస్తావో ముందే చెప్పు, గదిలో ప్లగ్ పాయింట్లు మార్పించాలి. మే నెలలో మాత్రం రాకు, ఆ గదికి ఏసీ లేదు.

మీ పెద్దమ్మ