ప్రపోజల్ మొదటి పేజీ మీ గురించి కాదు

విజయవాడలో బీటెక్ మూడో ఏడు చదువుతున్నానని, గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కి ప్రపోజల్ ఎలా రాయాలని అడిగారు. అంటే ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచే) సంస్థల్లో మెంటర్, అంటే దారి చూపే అనుభవజ్ఞుడి దగ్గర, కొత్తవాళ్ళు కోడ్ రాసే గూగుల్ కార్యక్రమం. ఇంగ్లీషు అంతగా రాదని టెన్షన్ పడుతున్నారు కూడా. గుంటూరులో చదువుకునేటప్పుడు నేను రెండుసార్లు రాశాను. మొదటిసారి రాలేదు, రెండోసారి వచ్చింది.

మొదటిది పదకొండు పేజీలు. నాలుగు పేజీలు నా గురించే: నేర్చుకున్న లాంగ్వేజీలు, ఓపెన్ సోర్స్ మీద ఇష్టం. చేయాల్సిన పని దగ్గరికొచ్చేసరికి ఆ సంస్థ తనకు కావాల్సిన పనులు రాసిపెట్టే ఐడియాల పేజీలోని మాటలే అటూ ఇటూ మార్చి రాశాను. తనే రాసిన మాటలు మళ్ళీ చదివితే మెంటర్‌కి నా మీద నమ్మకం ఎలా కుదురుతుంది?

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో సంస్థల జాబితా రాగానే ఒక టెక్స్ట్ ఎడిటర్ ప్రాజెక్టు పట్టుకున్నాను. అందులో తెలుగు టైప్ చేస్తే కర్సర్ అక్షరం మధ్యలో ఆగేది. మనం ఒక్క అక్షరంగా చదివే ‘స్త్రీ’ యూనికోడ్‌లో (కంప్యూటర్ కోసం లిపులన్నిటికీ నంబర్లిచ్చే పద్ధతి) ఆరు కోడ్ పాయింట్లు, అంటే ఆరు నంబర్లు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. ఎడిటర్ ఆ ఆరింటినీ ఆరు అక్షరాలుగా లెక్కపెడుతోంది. బ్రాడీపేటలోని రూమ్‌లో పది రోజులు కోడ్ చదివితే ఆ లెక్క ఏ ఫంక్షన్‌లో తప్పుతోందో దొరికింది. ఆ ఫంక్షన్ పేరు, తప్పును ఎవరైనా మళ్ళీ చూడగలిగేలా నాలుగు మెట్లు, నేను పంపిన చిన్న ప్యాచ్ (తప్పును సరిచేసే కోడ్ మార్పు) లింకు. ఈసారి మొదటి పేజీ అంతా ఇదే. ప్యాచ్‌ని మెంటర్ మూడుసార్లు మార్పించారు. నేను ఎలా పనిచేస్తానో ఆయనకు అక్కడే తెలిసింది.

టైమ్‌లైన్ నిజాయితీగా రాయండి. ఇప్పుడు ప్రాజెక్టులు సుమారు 90, 175, 350 గంటలని మూడు సైజుల్లో ఉంటున్నాయి. నాది 175 గంటలది. సెమిస్టర్ పరీక్షల రెండు వారాల్లో పని చేయలేనని ముందే రాసి, ఆ గంటలు మిగతా వారాలకు సర్దాను. మిడ్‌టర్మ్ (మధ్యలో జరిగే మదింపు) నాటికి ఏది నడుస్తూ కనిపిస్తుందో, టైమ్ చాలకపోతే ఏది పక్కన పెడతానో కూడా రాశాను. దీని గురించే మెంటర్ ఎక్కువ ప్రశ్నలు అడిగారు. టెస్టులు చివరి వారానికి నెట్టకండి.

ఒకరు మూడు ప్రపోజల్స్ దాకా పంపొచ్చు, కానీ ఎంపికయ్యేది ఒక్కదానికే. మూడు పల్చగా రాసేకంటే ఒక్కటి గట్టిగా రాయండి. వాట్సాప్‌లో తిరిగే సీనియర్ల పీడీఎఫ్‌లు చూడండి, కానీ శీర్షికల వరకే. గడువుకి రెండు వారాల ముందే డ్రాఫ్ట్ మెంటర్లకు చూపించండి.

ఇంగ్లీషు సంగతంటారా, నేనూ పదో తరగతి దాకా తెలుగు మీడియమే. చిన్న చిన్న వాక్యాలు రాశాను, ఎవరూ తప్పు పట్టలేదు.

ముందు ఒక ప్రాజెక్టుని మీ ల్యాప్‌టాప్‌లో బిల్డ్ చేయండి, అంటే దాని కోడ్ నుంచి నడిచే ప్రోగ్రామ్ తయారు చేయండి. ఎక్కడ ఆగిపోయిందో ఎర్రర్‌తో సహా ఇక్కడ పెట్టండి, చూస్తాను.